పసుపు, సున్నం, చెరువు నీళ్లు: పీహెచ్ పాఠాన్ని ఇంట్లోనే చేసి నేర్చుకోవడం ఎలా

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల పదో తరగతి చదివే పిల్లలకి ఓ సౌకర్యం ఉంది, కానీ వాళ్లు దాన్ని వాడుకోరు. మిగతా ఊళ్లలో పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) అన్న మాట సైన్సు పుస్తకంలో తప్ప ఎక్కడా వినిపించదు. ఇక్కడేమో రొయ్యల చెరువు గట్టు మీద, మేత కొట్టు దగ్గర, రాత్రి అన్నాల దగ్గర కూడా అదే మాట. "పొద్దున ఎంతొచ్చిందిరా?" "ఏడున్నరండి." "సాయంత్రం?" "ఎనిమిదిన్నర దాటిందండి." ఇంక ఆ ఇంట్లో అందరికీ టెన్షనే. అదే పిల్లాడు పరీక్షలో మాత్రం "పీహెచ్ 3 ఉన్న ద్రావణం, పీహెచ్ 5 ఉన్నదాని కంటే ఎన్ని రెట్లు ఆమ్లం?" అని అడిగితే రెండు రెట్లు అని రాసేసి వస్తాడు. జవాబు వంద రెట్లు.

కాబట్టి ఈ పాఠాన్ని బట్టీ పట్టకుండా వంటింటి సామాన్లతో చేసి చూద్దాం. మొదటినుంచీ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, కిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది: పీహెచ్ అంకె చెప్పేది ఒకటి, తటస్థీకరణకి (ఆమ్లాన్ని క్షారంతో గానీ, క్షారాన్ని ఆమ్లంతో గానీ సరిపెట్టడానికి) ఎంత సరుకు కావాలన్నది ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే పిల్లలకి మార్కులు పోతున్నాయి, పెద్దవాళ్లకి సున్నం బస్తాలు దండగవుతున్నాయి.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. పసుపు, కిళ్లీ కొట్లో దొరికే తాంబూలం సున్నం, వెనిగర్, నిమ్మకాయలు, వంట సోడా, గుప్పెడు ఎర్ర మందార పువ్వులు (దొడ్లో శంఖుపువ్వు తీగ ఉంటే ఇంకా మంచిది), మందుల షాపులో దొరికే సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి, నాలుగైదు గాజు గ్లాసులు. కళ్లజోడు ఉంటే పెట్టుకోండి. లేకపోతే ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి, సున్నంతో పని కదా.

ముందు ఎర్రనీళ్లు

కొత్త పెళ్లికూతురు గుమ్మంలోకి రాగానే పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీస్తారు. ఆ పళ్లెంలో జరిగేది మన పాఠంలో మొదటి ప్రయోగం. నీళ్లలో చిటికెడు పసుపు వేస్తే పచ్చగా ఉంటాయి, గోరంత సున్నం కలపగానే ఎర్రగా మారతాయి. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే కొన్ని హైడ్రోజన్లను వదులుకుంటుంది, దాంతో అది పీల్చుకునే వెలుగు మారి, మన కంటికి రంగు మారినట్టు కనిపిస్తుంది. ఇక్కడితో ఆపకండి. ఆ ఎర్రనీళ్లలోకి నిమ్మకాయ పిండండి. మళ్లీ పచ్చబడతాయి. ఇంకాస్త సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. అటూ ఇటూ ఎన్నిసార్లయినా తిప్పొచ్చు. రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పే సూచిక అంటే ఇదే, తటస్థీకరణ కూడా ఇదే, రెండూ ఒకే పళ్లెంలో.

అయితే పసుపుకి ఒక లోపం ఉంది. పీహెచ్ 8 చుట్టుపక్కలకి వచ్చేదాకా అది ఏమీ చెప్పదు. మంచినీళ్లలోనూ పసుపే, నిమ్మరసంలోనూ పసుపే, వెనిగర్‌లోనూ పసుపే. "పసుపు కాగితం రంగు మారలేదు, కాబట్టి ఇది ఆమ్లం" అని రాస్తే తప్పు. అది క్షారం కాదు అని మాత్రమే తేలింది, ఆమ్లమో తటస్థమో తేలలేదు. ఒక మార్కు ప్రశ్నల్లో దీనితో బాగా పడగొడతారు.

ఆ లోటు తీర్చడానికే మందార. ఏడెనిమిది పువ్వుల రేకలు తుంచి, గ్లాసుడు వేడినీళ్లు పోసి పావుగంట వదిలేసి వడకట్టండి. ఆమ్లంలో అది ముదురు గులాబీ రంగుకి వస్తుంది, క్షారంలో ఆకుపచ్చకి తిరుగుతుంది. శంఖుపువ్వయితే ఇంకా ముచ్చటగా ఉంటుంది: మంచినీళ్లలో నీలం, నిమ్మరసం పడితే ఊదా, ఇంకా పడితే గులాబీ, సున్నపు తేట పడితే ఆకుపచ్చ. నన్నడిగితే ఊళ్లో పిల్లలకి లిట్మస్ కాగితం కంటే శంఖుపువ్వు మేలు. లిట్మస్ ఎరుపు, నీలం రెండే చెబుతుంది, ఇది మధ్యలో మెట్లు కూడా చూపిస్తుంది, పైగా గోడ మీద ఊరికే పూస్తోంది.

ఇప్పుడు గ్లాసులు వరసగా పెట్టి ఒక్కోదాంట్లో ఒక్కొక్కటి పోసి, అన్నిట్లోనూ సమానంగా శంఖుపువ్వు నీళ్లు కలపండి. నిమ్మరసం పీహెచ్ 2కి కాస్త పైన ఉంటుంది, వెనిగర్ రెండున్నర నుంచి మూడు మధ్య, పెరుగు మీద తేట నాలుగున్నర ప్రాంతంలో, కొబ్బరినీళ్లు అయిదు చుట్టుపక్కల. వంట సోడా కలిపిన నీళ్లు 8.3 దగ్గర, బట్టల సబ్బు నీళ్లు 10 దగ్గర, సున్నపు తేట 12 పైన. దీంతో మీ సొంత రంగుల పట్టీ తయారైనట్టే, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత కాలవ నీళ్లో, బోరు నీళ్లో, వాన నీళ్లో తెచ్చి దానితో పోల్చి చూడండి. శుభ్రమైన వాన నీళ్లు కూడా సరిగ్గా 7 ఉండవు, 5.6 దగ్గర ఉంటాయి, ఎందుకంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాటిలో కరిగి కొంచెం కార్బానిక్ ఆమ్లం తయారవుతుంది. ఆమ్ల వర్షం అంటే అంతకంటే కిందకి దిగినది. చాలామంది 7 దాటి దిగితే చాలు ఆమ్ల వర్షం అనుకుంటారు.

వంట సోడాతో చిన్న తమాషా కూడా చేయొచ్చు. సోడా నీళ్లలో పసుపు వేస్తే కాస్త నారింజ రంగులోకి వస్తుంది, బాగా ఎర్రబడదు. అవే నీళ్లని పది నిమిషాలు మరగబెట్టి, చల్లారాక మళ్లీ పసుపు వేయండి, ఈసారి ముదురుగా వస్తుంది. మరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి బైకార్బొనేట్ కొంత కార్బొనేట్‌గా, అంటే బట్టల సోడాగా మారింది. వంట సోడాకీ బట్టల సోడాకీ తేడా రాయమన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

ఆ అంకె ఏం లెక్కపెడుతోంది

1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఈ స్కేలు పెట్టాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీ ప్రయోగశాలలో. బీరు పులిసేటప్పుడు పనిచేసే ఎంజైములకి ఆమ్లత్వం కాస్త మారినా పనితీరు మారిపోతుంది. 0.0001, 0.0000001 లాంటి అంకెలు రోజూ రాసుకోలేక, ఆ సున్నాలని లెక్కపెట్టి ఒక చిన్న అంకెగా రాసే పద్ధతి తెచ్చాడు.

అంటే ఒక లీటరులో హైడ్రోజన్ అయాన్లు (ఆమ్లం నీళ్లలో వదిలేవి ఇవే) 0.001 మోల్ (అణువుల్ని, అయాన్లని లెక్కపెట్టే కొలత) ఉంటే, అది 10⁻³, పీహెచ్ 3. 0.00001 మోల్ ఉంటే 10⁻⁵, పీహెచ్ 5. అంకె పెరిగితే అయాన్లు తగ్గుతాయి, ఒక్కో మెట్టుకి పదో వంతు చొప్పున. 3కీ 5కీ మధ్య రెండు మెట్లు, పది పదులు వంద. శుద్ధమైన నీటిలో 25 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ అయాన్లూ, హైడ్రాక్సైడ్ అయాన్లూ రెండూ సమానంగా 10⁻⁷ ఉంటాయి, అందుకే 7 తటస్థం. 7 అన్నది దేవుడిచ్చిన అంకె కాదు, వేడి పెరిగితే ఆ తటస్థ బిందువు 7 కంటే కొంచెం కిందకి జరుగుతుంది. పదో తరగతికి ఇది అవసరం లేదు కానీ ఇంటర్లో అడుగుతారు.

పదుల లెక్క పట్టుబడిందో లేదో తేల్చుకోవడానికి మూడు లెక్కలు చాలు. పీహెచ్ 3 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక గ్లాసు ఉంది, దాన్ని పీహెచ్ 4 చేయాలంటే ఎన్ని గ్లాసుల నీళ్లు పోయాలి? పది కాదు, తొమ్మిది, ఎందుకంటే మొత్తం కలిపి పది గ్లాసులు కావాలి. రెండోది: పీహెచ్ 2, పీహెచ్ 4 ఉన్న బలమైన ఆమ్లాలు సమానంగా కలిపితే ఎంత? 3 అని రాయాలని చెయ్యి లాగుతుంది, రాయకండి. 0.01నీ 0.0001నీ కూడి సగం చేస్తే 0.00505, అంటే పీహెచ్ దాదాపు 2.3. ఎక్కువ ఆమ్లం ఉన్నదే పెత్తనం చేస్తుంది, సగటు తీయాల్సింది అయాన్లకి గానీ పీహెచ్ అంకెలకి కాదు. మూడోది కొంటెది: 10⁻⁸ మోలార్ (అంటే లీటరుకి 10⁻⁸ మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 అవుతుందా? ఆమ్లానికి ఎన్ని నీళ్లు పోసినా అది క్షారం కాదు కదా! నీటి సొంత అయాన్లు కూడా కలుపుకుంటే 6.98 వస్తుంది.

బలం వేరు, గాఢత వేరు

ఇక్కడ పిల్లలు బాగా తడబడతారు, తప్పు వాళ్లది కూడా కాదు, "స్ట్రాంగ్ టీ" అన్నప్పుడు మనం రెంటినీ ఒకటిగానే వాడతాం కాబట్టి. గాఢత అంటే లీటరు నీళ్లలో ఎంత ఆమ్లం పోశాం అన్నది. బలం అంటే పోసిన దాంట్లో ఎంత భాగం విడిపోయి హైడ్రోజన్ అయాన్లు వదిలింది అన్నది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు మొత్తం విడిపోతుంది. 0.1 మోలార్ తీసుకుంటే పీహెచ్ 1. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం అదే 0.1 మోలార్ తీసుకుంటే పీహెచ్ 2.9 దగ్గర ఉంటుంది, ఎందుకంటే వంద అణువుల్లో సుమారు ఒకటి మాత్రమే విడిపోయి ఉంటుంది, మిగతా తొంభై తొమ్మిదీ ఇంకా కలిసే కూర్చుని ఉంటాయి.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రెండు ఆమ్లాలూ 20 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరిస్తే దేనికి ఎక్కువ పడుతుంది? పీహెచ్ చూసినవాళ్లు హైడ్రోక్లోరిక్‌కే ఎక్కువ అంటారు, అందులో హైడ్రోజన్ అయాన్లు డెబ్బై రెట్లకి పైనే ఎక్కువ మరి. కానీ రెంటికీ సరిగ్గా 20 మిల్లీలీటర్లే పడుతుంది. క్షారం పోస్తున్న కొద్దీ ఉన్న అయాన్లు ఖర్చవుతాయి, ఖర్చవగానే కూర్చున్న అణువులు లేచి కొత్త అయాన్లు వదులుతాయి, ఆఖరి అణువు దాకా. పీహెచ్ చెప్పేది ఈ క్షణాన బయట తిరుగుతున్న అయాన్ల సంగతి. తటస్థీకరణకి కావాల్సింది లోపల నిల్వ ఉన్నదానితో సహా మొత్తం లెక్క.

అందుకే తటస్థీకరణ లెక్కల్లో పీహెచ్ పక్కన పెట్టి మోల్స్ చూడండి. ఒక్కో ఆమ్ల అణువు ఎన్ని హైడ్రోజన్లు ఇవ్వగలదో, క్షారం ఎన్ని హైడ్రాక్సైడ్లు ఇవ్వగలదో చూడండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు ఇస్తుంది, కాబట్టి అంతే మోలారిటీ ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ రెట్టింపు పడుతుంది. తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, రెండు హైడ్రాక్సైడ్లు ఇస్తుంది, కాబట్టి సగం మోల్స్ చాలు.

ఇంట్లోనే అంశమాపనం

అంశమాపనం అంటే ఒక ద్రావణాన్ని తటస్థీకరించడానికి రెండోది ఎంత పడుతుందో చుక్క చుక్కగా వేసి కొలవడం. దానికి వాడే బ్యూరెట్, పిపెట్ అనే కొలత గొట్టాలు చాలా హైస్కూళ్లలో బీరువాలోనే ఉంటాయి, వాటి కోసం ఎదురు చూడక్కర్లేదు. ముందురోజు రాత్రి సున్నపు తేట తయారుచేయండి. లీటరు నీళ్లలో రెండు చెంచాల తాంబూలం సున్నం బాగా కలిపి, మూత బిగించి కదపకుండా వదిలేయండి. తెల్లారేసరికి తెల్లటి మడ్డి అడుగున కూర్చుంటుంది, పైన తేట నిలుస్తుంది. ఆ తేటని మెల్లగా వేరే సీసాలోకి వంచి మూత పెట్టేయండి. మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన మీగడలా పొర కడుతుంది, తేట గాఢత తగ్గిపోతుంది. సున్నం నీళ్లలో కరిగేది చాలా తక్కువ, లీటరుకి ఒకటిన్నర గ్రాము చొప్పున అంతే. మీరు ఎంత వేసినా మిగతాది అడుగునే ఉంటుంది, కాబట్టి మీరు వేరుగా తూచకపోయినా తేట గాఢత ఇంచుమించు ఒకేలా వస్తుంది. ఇది మనకి కలిసొచ్చే విషయం.

వెనిగర్ ఒక వంతుకి మంచినీళ్లు పందొమ్మిది వంతులు కలపండి. సీసా మీద 4 శాతం అనో 5 శాతం అనో ఉంటుంది, రాసి పెట్టుకోండి. ఈ పలచని వెనిగర్‌ని సిరంజితో 5 మిల్లీలీటర్లు కొలిచి గ్లాసులో వేసి, కాస్త పసుపు నీళ్లు కలపండి. పసుపు నీళ్లలో సరిగ్గా కరగదు, స్పిరిట్‌లో కరిగించి వడకట్టుకుంటే తేటగా వస్తుంది, కానీ స్పిరిట్ పట్టుకుని స్టవ్ దగ్గరకి వెళ్లొద్దు. ఇప్పుడు సిరంజి కడిగి, సున్నపు తేట నింపి, చుక్క చుక్కగా వదులుతూ గ్లాసు తిప్పుతూ ఉండండి. చుక్క పడిన చోట ఎరుపు మెరిసి మాయమవుతుంది. అలా మాయమవడం నెమ్మదించిందంటే దగ్గరకి వచ్చేశారని అర్థం, ఇంక ఒక్కో చుక్కే వేయండి. తిప్పినా పోకుండా నారింజ ఎరుపు నిలబడితే ఆపి, ఎంత పట్టిందో చూసుకోండి. 4 నుంచి 5 మిల్లీలీటర్ల మధ్య రావాలి. 4 శాతం వెనిగర్ అయితే నాలుగుకి దగ్గరగా, 5 శాతం అయితే అయిదుకి దగ్గరగా. పది మిల్లీలీటర్లు దాటినా ఎర్రబడకపోతే మీ తేట పాతదై ఉంటుంది, లేదా నీళ్లు కలిపేటప్పుడు లెక్క తప్పి ఉంటుంది.

దీనికి పసుపే ఎందుకు, మందార ఎందుకు కాదు? వెనిగర్ బలహీన ఆమ్లం, సున్నం బలమైన క్షారం, రెండూ సరిసమానం అయిన క్షణాన మిగిలే కాల్షియం ఎసిటేట్ నీళ్లు సరిగ్గా 7 ఉండవు, ఎనిమిది వైపు మొగ్గుతాయి. పసుపు రంగు మారేది కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ల్యాబులో ఇదే పనికి ఫినాఫ్తలీన్ వాడతారు, కారణం అదే. "తటస్థీకరణ పూర్తయితే పీహెచ్ 7" అన్న వాక్యం బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసినప్పుడే నిజం. ఉప్పు నీళ్లు 7, సోడియం ఎసిటేట్ నీళ్లు 7 పైన, అమ్మోనియం క్లోరైడ్ నీళ్లు 7 కింద. పరీక్షలో ఈ మూడూ ఉదాహరణలుగా రాస్తే దిద్దేవాళ్లకి మీకు అర్థమైందని తెలుస్తుంది.

మిగిలిన సున్నపు తేట పారబోయకండి. అందులోకి స్ట్రాతో మెల్లగా ఊదండి. ఊదడమే, పొరపాటున కూడా పీల్చకూడదు, చిన్నపిల్లలకి ఇవ్వొద్దు. పాలలా అవుతుంది, అది కాల్షియం కార్బొనేట్. ఇంకా ఇంకా ఊదుతూ పోతే మళ్లీ తేటబడుతుంది, అది కాల్షియం బైకార్బొనేట్ అయి కరిగిపోవడం. ఈ రెండో సగం పుస్తకంలో ఉన్నా చాలామంది చదవరు, రాసినవాళ్లకి పూర్తి మార్కులు. చెరువులో సున్నపురాయి పొడి చల్లితే జరిగేది కూడా ఇదే రెండో సగం, అది చూద్దాం.

చెరువు గట్టు మీదకి

రొయ్యల చెరువులో పీహెచ్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య ఉంటే బాగుంటుందని, పొద్దుటికీ సాయంత్రానికీ అర అంకె కంటే ఎక్కువ తేడా రాకూడదని గట్టు మీద ఎవర్ని అడిగినా చెబుతారు. ఎందుకు మారుతుంది అంటే, పగలు ఎండలో నీళ్లలోని పచ్చటి నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది, అది నీటిలో ఉన్నంతసేపూ కార్బానిక్ ఆమ్లంగా ఉంటుంది కాబట్టి, అది తగ్గగానే పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి నాచూ, రొయ్యా, అడుగున బురదలోని బ్యాక్టీరియా అన్నీ ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి, దాన్ని లాక్కునేవాళ్లు ఎవరూ ఉండరు, తెల్లవారుజామున పీహెచ్ బాగా దిగుతుంది. కాబట్టి రోజుకి ఒక్కసారి కొలిస్తే పనికిరాదు. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడు దాటాక ఒకసారి, ప్రతిరోజూ అదే వేళకి, అదే చోట, నీళ్లు కిందకి ముంచి తీసి కొలవాలి. కిట్‌లో చుక్కలు ఎన్ని వేయమంటే అన్నే వేసి, రంగు కార్డు నీడలో చూడండి, ఎండలో రంగులు మోసం చేస్తాయి. డిజిటల్ మీటరు వాడితే దాంతో వచ్చే బఫర్ ద్రావణాలతో (పీహెచ్ ఎంతో ముందే తెలిసినవి) ముందు సరిచూసుకోండి. సరిచూడని మీటరు కంటే చుక్కల కిట్టే నయం.

పొద్దున 7.5, సాయంత్రం 8.5 అంటే వినడానికి ఒక అంకె తేడా. అయాన్ల లెక్కలో పది రెట్లు. ఇది రొయ్యకి ఎందుకు బాధంటే, మేత వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, హైడ్రోజన్ పట్టుకున్న అమ్మోనియం అయాన్ పెద్దగా హాని చేయదు, పట్టుకోని ఉత్త అమ్మోనియా విషం. ముప్ఫై డిగ్రీల మంచినీళ్లలో పీహెచ్ 7 దగ్గర ఆ విషం పాలు నూటికి ఒకటి కూడా ఉండదు, 8 దగ్గర ఏడు దాకా వస్తుంది, 9 దగ్గర నలభై దాటుతుంది. చెరువులో మొత్తం అమ్మోనియా అంతే ఉంది, కొత్తగా ఎవరూ పోయలేదు, పీహెచ్ ఎక్కేసరికి అదే విషమైపోయింది. అందుకే సాయంత్రం పీహెచ్ ఎక్కువున్న చెరువులో పొడి సున్నం చల్లడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

సున్నాల్లో కూడా తేడా ఉంది. పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, నీళ్లు తగలగానే వేడెక్కుతూ తడి సున్నం అవుతుంది, పీహెచ్‌ని గభాలున పైకి తోస్తుంది. పంట తీసి చెరువు ఎండగట్టినప్పుడు అడుగున చల్లడానికి అది సరైనది. రొయ్య ఉన్న నీళ్లలో మెత్తటి సున్నపురాయి పొడి గానీ డోలమైట్ గానీ వేస్తారు, ఇవి మామూలుగా 8.3 ప్రాంతం దాటి తీసుకెళ్లవు. నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి బైకార్బొనేట్ అయి కరిగి, నిల్వగా ఉండిపోతాయి. మీరు స్ట్రాతో ఊదినప్పుడు తేటబడింది చూశారే, అదే.

ఈ నిల్వనే ఆల్కలినిటీ అంటారు. మన వెనిగర్, హైడ్రోక్లోరిక్ కథ ఇక్కడ తిరగేసి చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు చెరువులూ పీహెచ్ 7.8 చూపించొచ్చు, ఒకదాంట్లో బైకార్బొనేట్ నిల్వ బాగా ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. నిల్వ ఉన్నది రోజంతా కాస్త అటూ ఇటూ ఊగి సరిపెట్టుకుంటుంది. లేనిది పొద్దున ఏడు కిందకి, సాయంత్రం తొమ్మిదికి పరిగెడుతుంది. "ఆయ్, పక్క చెరువుకి నాలుగు బస్తాలు వేశారండి, మనమూ నాలుగు వేద్దాం" అనేది అందుకే కుదరదు. ల్యాబుకి నీళ్లు ఇచ్చినప్పుడు పీహెచ్‌తో పాటు ఆల్కలినిటీ కూడా అడిగి తీసుకోండి. ఆ పరీక్ష ల్యాబువాళ్లు చేసేది కూడా మీరు సిరంజితో చేసిన పనే, కాకపోతే వాళ్లు నీళ్లలోకి తెలిసిన గాఢత ఉన్న ఆమ్లం చుక్కలుగా వేసి సూచిక రంగు మారేదాకా లెక్కపెడతారు.

సాయంత్రం పీహెచ్ ఎక్కువ పోతుంటే మన రైతులు బెల్లం, తవుడు పులియబెట్టి చల్లుతారు. అందులో రసాయన శాస్త్రం లేదనుకోకండి. బ్యాక్టీరియా ఆ తీపిని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అది నీళ్లలో ఆమ్లమై పీహెచ్‌ని దించుతుంది. అయితే అదే బ్యాక్టీరియా ఆక్సిజన్ కూడా తాగేస్తుంది కాబట్టి రాత్రిపూట ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆపకూడదు.

సముద్రం దగ్గరి పొలాల్లో చౌడు సంగతి కూడా ఒక్క ముక్క. చౌడుకి జిప్సం వేస్తే క్షారాన్ని ఆమ్లం తటస్థీకరించినట్టు అని కొందరు రాస్తారు, అది సరికాదు. జిప్సం ఆమ్లం కాదు, అది కాల్షియం సల్ఫేట్ అనే లవణం. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది, తర్వాత మంచినీళ్లు పెట్టి ఆ సోడియాన్ని కడిగి మురుగు కాలవలోకి పంపాలి. నీళ్లు పోయే దారి లేకపోతే జిప్సం వేసి లాభం లేదు.

వంటింట్లో పరీక్షకి పనికొచ్చేవి

నిత్యజీవితంలో తటస్థీకరణకి ఉదాహరణలు రాయమంటే అందరూ కడుపు మంటకి తాగే జెలుసిల్, చీమ కుట్టిన చోట వంట సోడా, రెండే రాస్తారు. మన ఇంట్లో ఇంకా మంచివి ఉన్నాయి. చేప ముక్కల నీచు వాసనకి చాలావరకు కారణం అమీన్లు, అవి బలహీన క్షారాలు. చింతపండు పులుసులోని టార్టారిక్ ఆమ్లం గానీ, వేపుడు మీద పిండిన నిమ్మరసం గానీ వాటిని లవణాలుగా మార్చేస్తుంది, లవణాలు గాల్లోకి లేవవు కాబట్టి ముక్కుకి చేరవు. రాగి చెంబుని చింతపండుతో తోమితే మెరవడం కూడా అంతే, పైన నల్లగా పట్టిన రాగి ఆక్సైడ్ క్షార స్వభావం ఉన్నది, ఆమ్లం దాన్ని కరిగించి తీసుకుపోతుంది. తాటి బెల్లానికి నీరా దించేవాళ్లు కుండ లోపల సున్నం పూస్తారు, పూయకపోతే తెల్లారేసరికి పులిసి కల్లయిపోతుంది. ఈ సున్నం పులిసే సూక్ష్మజీవులకి గిట్టని పీహెచ్ తెచ్చి ఆపుతుంది. ఆవకాయ జాడీలోనే ఎందుకు పెడతారో కూడా చెప్పేయొచ్చు, పుల్లటి మామిడికాయలోని ఆమ్లం, పైగా ఉప్పు, రెండూ కలిసి ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్ని తినేస్తాయి.

చీమ కుట్టిన చోట వంట సోడా అనేది పుస్తకం జవాబు, పరీక్షలో అదే రాయండి. నిజానికి అన్ని కుట్టే పురుగుల విషం ఫార్మిక్ ఆమ్లం కాదు, కందిరీగ విషంలో వేరే పదార్థాలు ఉంటాయి, సోడా రాసినంతమాత్రాన పోదు. కుట్టాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా సోడా, సున్నం అంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

జాగ్రత్తలు, వీటిని దాటేయకండి

గాఢ ఆమ్లంలో నీళ్లు పోయొద్దు, నీళ్లలో ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. ముఖ్యంగా సల్ఫ్యూరిక్ ఆమ్లం నీళ్లతో కలిసేటప్పుడు చాలా వేడి పుడుతుంది, పైన పోసిన కాసిని నీళ్లూ అక్కడికక్కడే మరిగి మొహం మీదకి చిమ్ముతాయి. ఇంట్లో చేసే ప్రయోగాలకి బాత్రూము యాసిడ్ గానీ, బ్యాటరీ యాసిడ్ గానీ తేవొద్దు. వెనిగర్, నిమ్మరసంతోనే పాఠం మొత్తం అయిపోతుంది.

ఒంటి మీద ఆమ్లం పడితే సున్నం రాయడం, కంట్లో సున్నం పడితే నిమ్మరసం పిండడం, ఇలాంటి సలహాలు ఇప్పటికీ వింటూ ఉంటాం. తటస్థీకరణ చదివినవాళ్లకి ఇది సబబుగానే తోస్తుంది, అదే ప్రమాదం. తటస్థీకరణలో వేడి పుడుతుంది, ఎంత పోయాలో ఆ కంగారులో ఎవరికీ తెలియదు, ఎక్కువైతే రెండో వైపు నుంచి కాలుస్తుంది. చేయాల్సింది ఒక్కటే, ధారగా నీళ్లు. కంట్లో తడి సున్నం పడితే రెప్పలు విడదీసి పట్టుకుని కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా కడుగుతూ ఉండాలి, తర్వాత వెంటనే కంటి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాలి. క్షారం కంట్లో ఆమ్లం కంటే లోతుగా దిగుతుంది, అందుకే సున్నం చల్లే రోజు గట్టు మీద ఉన్నవాళ్లందరికీ కళ్లద్దాలు, గాలి వాలు చూసుకుని నిలబడటం తప్పనిసరి. పొడి సున్నం బస్తాలు వానకి తడిస్తే వేడెక్కుతాయి, గడ్డి పక్కన పెట్టకండి.

మన వైపు దాదాపు ప్రతి ఆక్వా ఇంట్లోనూ బ్లీచింగ్ పౌడరు ఉంటుంది, బాత్రూములో యాసిడ్ సీసా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న గదిలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది. ఒకదానితో కడిగిన చోట రెండోది పోయకండి, రెండూ ఒకే అలమరలో పెట్టకండి, చెరువులో బ్లీచింగ్ కలిపిన బకెట్టుని ఇంట్లో యాసిడ్ పనికి తెచ్చుకోకండి.